హృద్రోగి మంచం దగ్గర మందుల చిక్కులు

పరవాడ పేరు చెప్పగానే ఇవాళ ఎవరికైనా మందుల ఫ్యాక్టరీలే గుర్తుకొస్తాయి. ఒక పక్క సింహాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఇంకో పక్క రెండువేల ఎకరాలకు పైబడి పరచుకున్న జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, సముద్రం వైపు ముత్యాలమ్మపాలెం లాంటి జాలరి పేటలు - ఇదీ పరవాడ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని, మన ఫార్మసీ విద్యార్థులకేమీ దూరం కాలేదు. డిగ్రీ చేతికి రాగానే లంకెలపాలెం దారి పట్టేవాళ్ళే మనలో ఎక్కువ. అందులో తప్పేమీ లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1951లో ఫార్మసీ చదువు మొదలైనప్పటి నుంచీ మనవాళ్ళ చూపు మందుల తయారీ మీదా, పరీక్షల మీదా వుంటూనే వచ్చింది. ఆ చూపు వృథా పోలేదు.

ఫ్యాక్టరీలో పనిచేసిన పూర్వ విద్యార్థి నెవరినైనా అడగండి. ముడిసరుకు తూచేవాడొకడు, తూచింది సరిగా వుందని సంతకం పెట్టేవాడు ఇంకొకడు. ప్రతి బ్యాచికీ ఒక నెంబరు, ఆ నెంబరుకొక దస్త్రం. మలినం పదిలక్షల్లో ఎన్నో వంతు వుందో కొలుస్తారు. ఎక్కడ చిన్న తేడా వచ్చినా కాగితం మీద పెట్టి, ఎందుకు వచ్చిందో తేలేదాకా ఆ సరుకు గేటు దాటదు. సరే, గేటు దాటింది. మాత్రగానో సూదిమందుగానో మారి, ఊళ్ళు తిరిగి, చివరికి ఏదో ఒక ఆసుపత్రిలో గుండెజబ్బు వార్డుకి వచ్చింది. అక్కడ రాత్రి రెండు గంటలకి, నలభైమందిని చూసుకుంటున్న ఒక సిస్టరు, కేస్ షీటు మీద హౌస్ సర్జన్ హడావుడిగా గీసిన అక్షరాన్ని చదువుకుని ఆ మందు రోగికి ఇస్తుంది. ఈ చివరి మజిలీలో రెండో సంతకం ఎవరిది? ఈ వ్యాసంలో నా ప్రశ్న అదొక్కటే. మంచి మందు కూడా మంచం దగ్గరికి వచ్చాక ఎన్ని రకాలుగా చెడు చెయ్యగలదో కొంచెం విపులంగా చెప్పుకుంటే గాని ఆ ప్రశ్నకున్న బరువు తెలియదు.

మందుల చిక్కు అనగానే మనవాళ్ళు "సైడ్ ఎఫెక్టు" అనేసి వూరుకుంటారు. అది అందులో ఒక భాగం మాత్రమే. 1990లో అమెరికాలో హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు ఫార్మసీ ఆచార్యులు ఈ విషయాన్ని కొత్తగా ఆలోచించారు. కావలసిన మందు ఇవ్వకపోవడం చిక్కే, అక్కర్లేని మందు ఇవ్వడమూ చిక్కే అన్నారు. మందు ఎంపికలో పొరపాటు, మోతాదు చాలకపోవడం, మోతాదు మించిపోవడం, ఒక మందుకి ఇంకో మందు అడ్డుపడడం, మందు వికటించడం, రాసిన మందు అసలు రోగి నోటిదాకా వెళ్ళకపోవడం - ఇవన్నీ కలిపి ఎనిమిది రకాలుగా లెక్కతేలాయి. ఆఖరిది మనదేశంలో మరీ ముఖ్యం. బయట కొనుక్కు రమ్మని చీటీ రాసిస్తే, డబ్బులు సర్దుకుని మూడో రోజుకి మందు తెచ్చిన బంధువుల్ని వార్డుల్లో తిరిగిన వాళ్ళంతా చూసే వుంటారు.

ఈ చిక్కులు అన్ని వార్డుల్లోనూ వుంటాయి గాని గుండెజబ్బు వార్డులో ఎక్కువ. మందుల సంఖ్య మొదటి కారణం. గుండె నీరసించి ఆయాసంతో చేరిన రోగికి ఇవాళ నీరు తీసే మాత్ర, పొటాషియం నిలిపే మాత్ర, బీటా బ్లాకరు, ఎనలాప్రిల్ జాతి మందు, డాపాగ్లిఫ్లోజిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్టరాల్ మాత్ర, కడుపుమంట మాత్ర - ఇలా పది అవలీలగా అవుతాయి. ఐదు మందులుంటే జంటలు పది. పది మందులుంటే జంటలు నలభై ఐదు. మందులు రెట్టింపైతే ఒకదానితో ఒకటి పేచీపడే అవకాశాలు నాలుగున్నర రెట్లవుతాయన్న మాట. ఇక రెండో కారణం, ఈ మందుల్లో చాలావాటికి మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ మధ్య సందు బహు ఇరుకు. దానికి తోడు, గుండె సరిగా కొట్టకపోతే మూత్రపిండాలకీ కాలేయానికీ రక్తం సరిగా అందదు. మందుని ఒంట్లోంచి బయటికి పంపేవి అవే కదా!

డిజాక్సిన్ చెప్పే పాఠం

ఇరుకు సందుకి తిరుగులేని ఉదాహరణ డిజాక్సిన్. దీని చరిత్ర సరదాగా వుంటుంది. విలియం విథరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు, ష్రాప్‌షైర్ అనే చోట ఒక ముసలామె ఒళ్ళు ఉబ్బినవాళ్ళకిచ్చే రహస్యపు ఆకుమందు సంగతి విని, అందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ మొక్క ఆకేనని పోల్చుకున్నాడు. పదేళ్ళపాటు రోగులకిచ్చి చూసి 1785లో పుస్తకం వేశాడు. మన నాటువైద్యాన్ని తీసిపారేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నాటువైద్యాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు విథరింగ్ పడ్డ పదేళ్ళ శ్రమని గుర్తుపెట్టుకోవాలి. మోతాదు మించితే వాంతులవుతాయనీ, నాడి మందగిస్తుందనీ, వస్తువులు పచ్చగా పసుప్పచ్చగా కనిపిస్తాయనీ ఆయన ఆ పుస్తకంలోనే రాశాడు. రెండువందల ఏళ్ళు దాటిపోయింది. ఆ లక్షణాలు ఇవాళ్టికీ అవే.

మూత్రపిండాలు బాగున్న మనిషిలో కూడా ఈ మందు సగానికి తగ్గడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. అవి పాడైతే నాలుగైదు రోజులు. మన దేశంలో వారానికి ఐదు రోజులు వేసి, శని ఆదివారాలు మానెయ్యమనే అలవాటు ఒకటి వుంది. మందు ఒంట్లో పేరుకోకుండా పెద్దవాళ్ళు పెట్టిన కట్టుబాటు అది. అయితే చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆయాసం తగ్గడానికి ఫ్రూసిమైడ్ సూదిమందు ఇస్తారు. నీటితో పాటు పొటాషియం కూడా మూత్రంలో పోతుంది. రక్తంలో పొటాషియం తగ్గితే, అంతకుముందు పడిన మోతాదులోనే డిజాక్సిన్ విషమవుతుంది. మందు పెంచినవాళ్ళెవరూ లేరు, అయినా మోతాదు మించినట్టే.

ఇప్పుడు వార్డులో ఏం జరుగుతుందో చూడండి. "అన్నం ఇంపడం నేదు బాబూ, ఒకటే వికారం" అంటుంది ముసలమ్మ. డ్యూటీ డాక్టరు వాంతుల మందు రాస్తాడు. వాంతులతో ఇంకొంచెం పొటాషియం పోతుంది. మర్నాడు గుండె గతి తప్పుతుంది. గుండె గతి సరిచెయ్యడానికి అమియోడరోన్ మొదలుపెడతారు. ఆ అమియోడరోన్ డిజాక్సిన్‌ని బయటికి పోనివ్వకుండా రక్తంలో దాని మట్టాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. అంటే, మొదటి మందు చేసిన చెరుపుని కొత్త జబ్బనుకుని రెండో మందు, రెండోదానికి మూడోది. వైద్యశాస్త్రంలో దీన్ని మందుల గొలుసు అనొచ్చు. దీన్ని తెంపడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. వికారం అన్నప్పుడు మందుల పట్టీ తిరగేసి, నాడి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టి, 60 కంటే తక్కువుంటే ఆ పూట డిజాక్సిన్ ఆపి, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షకి పంపితే చాలు. కాకపోతే అది ఎవరికో ఒకరికి తోచాలి, తోచినవాడికి అడిగే చనువుండాలి.

నలభై కిలోల మనిషి

మన పాఠ్యపుస్తకాల్లో మోతాదులన్నీ డెబ్భై కిలోల మగమనిషిని ఎదురుగా పెట్టుకుని రాసినట్టుంటాయి. మన పల్లెల్లోంచి వచ్చే ముసలమ్మలు నలభై కిలోలు తూగితే గొప్ప. ఒక లెక్క వేసి చూపిస్తాను. విద్యార్థులు కాగితం తీసుకుని నాతో పాటు వెయ్యండి.

ఆవిడ వయసు 72. బరువు 40 కిలోలు. రక్తంలో క్రియాటినిన్ 1.4. ల్యాబ్ రిపోర్టు చూసినవాడు "కొంచెం ఎక్కువుంది, ఫరవాలేదు" అంటాడు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన సూత్రం ప్రకారం 140లోంచి వయసు తీసెయ్యాలి: 68. దాన్ని బరువుతో హెచ్చించాలి: 2720. క్రియాటినిన్‌ని 72తో హెచ్చిస్తే 100.8. దాంతో భాగిస్తే సుమారు 27. ఆడవాళ్ళకి 0.85తో హెచ్చించాలి కనుక చివరికి వచ్చేది దాదాపు 23. అంటే మూత్రపిండాలు నిమిషానికి 23 మిల్లీలీటర్ల రక్తాన్నే శుభ్రం చేస్తున్నాయి. ఆరోగ్యవంతుడైన యువకుడిలో అది వందకు పైన వుంటుంది. "ఫరవాలేదు" అన్న రిపోర్టు వెనక నాలుగో వంతు కూడా పనిచెయ్యని మూత్రపిండాలున్నాయన్న మాట. కండ తక్కువున్న మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అది పెద్దగా పెరిగినట్టు కనిపించదు.

ఆవిడకి గుండెపోటు వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇనాక్సాపారిన్ ఇవ్వాలి. కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున పన్నెండు గంటలకొకసారి అని అందరికీ కంఠస్థమే. మూత్రపిండాల శక్తి 30కి తగ్గితే రోజుకి ఒక్కసారే ఇవ్వాలన్నది చాలామందికి జ్ఞాపకం రాదు. పైగా బరువు తూచేదెవరు? మంచం మీంచి లేవలేని మనిషిని తూచే యంత్రం అన్ని వార్డుల్లోనూ వుండదు. ఉజ్జాయింపుగా "అరవై" అనుకుని 60 మిల్లీగ్రాముల సిరంజి రెండు పూటలా ఇచ్చారనుకోండి. రోజుకి 40 పడవలసిన చోట 120 పడింది. మూడు రెట్లు! మూడో రోజున చిగుళ్ళలోంచో, కడుపులోంచో రక్తం వస్తే "ఆవిడ ఖర్మ" అంటారు.

ఈ లెక్క ఉత్తరాంధ్రకు మరీ అవసరం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో - కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు - వేలమందికి మూత్రపిండాల జబ్బు పట్టి పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇంతవరకూ ఏకాభిప్రాయంతో తేలలేదు. 2023లో పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభించారు. అక్కణ్ణుంచి విశాఖ పెద్దాసుపత్రికి గుండెనొప్పితో వచ్చేవాళ్ళలో, తమ మూత్రపిండాలు అప్పటికే సగం పోయాయన్న సంగతి తెలియనివాళ్ళుంటారు. పొలం పనితో వచ్చే నడుంనొప్పికి ఏళ్ళ తరబడి డైక్లోఫెనాక్ మింగినవాళ్ళుంటారు. ఆ మాత్ర ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలిపి గుండె మీద భారం పెంచుతుంది, మూత్రపిండాలనీ దెబ్బతీస్తుంది. వార్డులో చేరిన తర్వాత కూడా "కీళ్ళనొప్పులమ్మా" అంటే అదే సూదిమందు మళ్ళీ పడే ప్రమాదం వుంది.

ఇంకో చిత్రం చూడండి. ఉద్దానం కొబ్బరితోటల సీమ. రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళు ప్రేమగా కొబ్బరిబొండాలు తెస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం పుష్కలం. మామూలు మనిషికది అమృతమే. కాని స్పైరనోలాక్టోన్, ఎనలాప్రిల్ రెండూ వాడుతూ మూత్రపిండాలు కూడా నీరసించిన మనిషికి రోజుకి రెండుమూడు బొండాలు పడితే రక్తంలో పొటాషియం పేరుకుని గుండె ఆగిపోయే పరిస్థితి రావచ్చు. డిజాక్సిన్ దగ్గర పొటాషియం తగ్గడం ప్రమాదమన్నాను. ఇక్కడ పెరగడం ప్రమాదం. ఇది ఊహించి చెప్పే భయం కూడా కాదు. గుండె నీరసానికి స్పైరనోలాక్టోన్ ఇస్తే మరణాలు నూటికి ముప్ఫై వంతులు తగ్గుతాయని 1999లో ఒక గొప్ప పరిశోధన వెలువడింది. కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లు ఆ మందుని విరివిగా రాయడం మొదలెట్టారు. పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరేవాళ్ళు 1994లో వెయ్యిమంది రోగులకి 2.4 వుండగా 2001 నాటికి 11కి పెరిగారు. పరిశోధనలో రోగుల్ని ఏరి, పదేపదే రక్తపరీక్షలు చేశారు. బయట మందొక్కటే అంటుకుంది, పరీక్షలు అంటుకోలేదు.

ఎలుకల మందూ, గోంగూరా

కీళ్ళవాతం జ్వరం వల్ల గుండె కవాటాలు చెడిపోవడం పాశ్చాత్య దేశాల్లో దాదాపు పాతకథ అయిపోయింది గాని మన వార్డుల్లో ఇంకా పాతబడలేదు. చిన్నవయసులోనే లోహపు కవాటం వేయించుకున్న ఆడపిల్లలు మన జిల్లాల్లో ఎందరో వున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్ పేదవాళ్ళకి కూడా అందింది. అయితే కవాటం వేశాక జీవితాంతం రక్తం పల్చబడే మందు వాడాలి. వార్ఫరిన్ గాని, మనవైపు ఎక్కువగా రాసే అసినోకౌమరాల్ గాని.

వార్ఫరిన్ పుట్టుక తెలుసుకుంటే దాని స్వభావం తెలుస్తుంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం కారి చచ్చిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. ఆ దారిలోనే తయారైన వార్ఫరిన్‌ని 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకి వాడడానికి అనుమతి వచ్చింది. ఎలుకల మందుకీ మనిషి మందుకీ తేడా మోతాదులోనే వుంది. ఆ మోతాదు కూడా మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో నెల నెలకీ మారుతుంది. అందుకే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. మందు వాడని మనిషిలో అది సుమారు 1. గుండెదడ రోగుల్లో 2కీ 3కీ మధ్య, మైట్రల్ స్థానంలో లోహపు కవాటం వున్నవాళ్ళలో 2.5కీ 3.5కీ మధ్య వుంచాలంటారు. తగ్గితే కవాటం మీద గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు, పెరిగితే మెదడులో రక్తస్రావం.

దీన్ని తారుమారు చేసేవి బోలెడు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకొనజోల్, ఇందాక చెప్పిన అమియోడరోన్ - ఇవన్నీ ఐ.ఎన్.ఆర్.ని పెంచుతాయి. విరేచనాలకని ఊళ్ళో మందులషాపులో తీసుకున్న నాలుగు మాత్రలే చాలు. ఆకుకూరల్లోని విటమిన్ కె దాన్ని తగ్గిస్తుంది. ఇక్కడే మన డాక్టర్లలో కొందరు "గోంగూర, తోటకూర, మునగాకు ముట్టుకోవద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా దృష్టిలో అది సరైన సలహా కాదు. ఆకుకూరే అగ్గువగా దొరికే ఇంట్లో దాన్ని మానెయ్యమంటే ఇంకేం తింటారు? తినే ఆకుకూర వారం వారం ఇంచుమించు ఒకే మోస్తరుగా తినమనాలి, దానికి తగ్గట్టు మందు సర్దాలి. ఒక వారం మానేసి, పండగకి చుట్టాలింటికి వెళ్ళి మూడు రోజులు వరసగా లాగించడంతోనే అసలు తంటా. ఆసుపత్రిలో మరో రకం తంటా వుంది. రోగి నాలుగు రోజులు అన్నం సరిగా తినడు, యాంటీబయాటిక్ నడుస్తూ వుంటుంది, పాత మోతాదే కొనసాగుతుంది. ఐదో రోజున ఐ.ఎన్.ఆర్. 7.

ఒకే పోలిక, వేరే మందు

మంచం దగ్గర జరిగే పొరపాట్లలో పేర్ల వల్ల వచ్చేవి చాలా వున్నాయి. అమెరికాలో లోసెక్ అనే కడుపుమంట మందుని లాసిక్స్‌గా పొరబడుతున్నారని 1990లో దాని పేరే ప్రైలోసెక్‌గా మార్చారు. ఆమ్రినోన్‌కీ అమియోడరోన్‌కీ తికమక పడుతున్నారని 2000లో మొదటిదాని పేరు ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు చేర్చి ఇనామ్రినోన్ చేశారు. మన సుప్రీంకోర్టు కూడా 2001లో రెండు క్యాడిలా కంపెనీల తగువులో, మామూలు సరుకుల పేర్ల కంటే మందుల పేర్ల పోలిక విషయంలో ఎక్కువ కఠినంగా వుండాలని చెప్పింది. తికమక పడితే పోయేది ప్రాణం కనుక. అయినా మన మందులషాపు అరల్లో ఒకే పలుకుబడి వున్న పేర్లు పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి.

ఆంప్యూళ్ళ సంగతీ అంతే. పొటాషియం క్లోరైడ్ 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లుంటాయి. దాన్ని సెలైన్‌లో బాగా పల్చన చేసి, మామూలుగా గంటకి 10 చొప్పున మెల్లగా ఎక్కించాలి. నీళ్ళలాగే తెల్లగా వుండే ఆ ఆంప్యూల్‌ని డిస్టిల్డ్ వాటర్ అనుకుని నేరుగా నరానికి ఇచ్చేస్తే గుండె అక్కడికక్కడే ఆగుతుంది. ప్రపంచంలో అనేక చోట్ల జరిగిన ప్రమాదమిది. చాలా దేశాల్లో ఈ చిక్కటి ఆంప్యూళ్ళని వార్డు ట్రేలోంచి తీసేసి వేరే బీరువాలో పెట్టడమే దీనికి విరుగుడుగా కనిపెట్టారు. ఖర్చు ఒక తాళం కప్ప.

పొరపాటు లేకుండా, అందరూ సరే అనుకుని చేసిన పని కూడా చెడు చెయ్యవచ్చు. బి.పి. బాగా పెరిగిందంటే నిఫెడిపిన్ క్యాప్సూల్ కొరికించి నాలిక కింద పెట్టించడం ఒకప్పుడు మన వార్డుల్లో మామూలు. అంకె గబుక్కున దిగేది, అందరికీ తృప్తి. రక్తపోటు అలా ఒక్కసారిగా పడిపోతే మెదడుకీ గుండెకీ రక్తం చాలక పక్షవాతం, గుండెపోటు వస్తున్నాయని 1996లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రిక ఎత్తిచూపాక గాని ఆ అలవాటు వెనక్కి తగ్గలేదు. 1989 నాటి కాస్ట్ పరిశోధన ఇంతకంటే పెద్ద దెబ్బ. గుండెపోటు వచ్చినవాళ్ళలో అదనపు కొట్టుకోళ్ళని అణిచేస్తే చావులు తగ్గుతాయని ఫ్లెకనైడ్, ఎన్‌కనైడ్ ఇచ్చారు. ఇ.సి.జి. చక్కబడింది. చనిపోయినవాళ్ళు మాత్రం ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవాళ్ళ కంటే రెట్టింపు మించారు.

ఇవ్వకుండా పోయిన మందుల గురించి ఎవరూ మాట్లాడరు. ఇంట్లో ఏళ్ళుగా బీటా బ్లాకరు వాడుతున్న మనిషి ఏ హెర్నియా ఆపరేషన్‌కో చేరతాడు. ఆ మాత్ర సంగతి ఎవరూ అడగరు. హఠాత్తుగా ఆగిపోయేసరికి నాలుగో రోజు గుండెనొప్పి. స్టెంటు వేసిన కొత్తలో క్లోపిడోగ్రెల్ ఆపేస్తే స్టెంటులోనే గడ్డకడుతుంది. అలాగే నాలిక కింద పెట్టే సార్బిట్రేట్ ఇచ్చే ముందు, మగవాళ్ళని సిల్డెనఫిల్ వాడారా అని అడగాలి. రెండూ కలిస్తే రక్తపోటు అథఃపాతాళానికి పోతుంది. కొడుకూ కోడలూ పక్కన నిలబడి వుండగా ఆ ప్రశ్న అడగడానికి మన హౌస్ సర్జన్లకి మొహమాటం. స్ట్రెప్టోకైనేస్ ఒకసారి ఇచ్చిన మనిషికి మళ్ళీ ఇవ్వకూడదు, ఒంట్లో దానికి యాంటీబాడీలు తయారై వుంటాయి. కాని మొదటిసారి ఇచ్చిన ఆసుపత్రి చీటీ ఇంట్లో ఏ చూరులోనో వుంటుంది, లేదా వుండదు.

రెండో సంతకం

ఇక మొదట అడిగిన ప్రశ్న. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ వార్డులో డాక్టర్లతో పాటు ఒక ఫార్మసిస్టుని పొద్దున్నే రౌండ్లకి తిప్పారు. మందు రాసే సమయంలోనే నివారించదగిన హానికర సంఘటనలు వెయ్యి రోగి-దినాలకి 10.4 నుంచి 3.5కి పడిపోయాయి. 1999లో ఈ ఫలితం అచ్చయింది. ఆయన చేసిందల్లా పక్కన నిలబడి "దీని మోతాదు కొంచెం చూడండి" అనడమే. డాక్టర్లు ఆయన మాటల్లో నూటికి తొంభైతొమ్మిది ఒప్పుకున్నారు.

మన దేశంలో 1990ల చివర మైసూరు, ఊటీ జె.ఎస్.ఎస్. కాలేజీలు వార్డు ఫార్మసీ చదువుకి శ్రీకారం చుట్టాయి. 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సుకి నిబంధనలు తెచ్చింది. మన రాష్ట్రంలో ఆ కోర్సు చదివిన పిల్లలు వేలల్లో వున్నారు. ఐదేళ్ళు చదివి, వార్డుల వెంట తిరిగి, ఆరో ఏడు అక్కడే ఇంటర్న్‌షిప్పు చేసి, తీరా చూస్తే ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాళ్ళకి పోస్టులు అరుదు. కొందరు బీమా కంపెనీల కాగితాలు చూసే పనిలో, ఇంకొందరు మళ్ళీ అదే పరవాడ బస్సులో. ఆసుపత్రి ఫార్మసిస్టు అంటే కిటికీ వెనక కూర్చుని మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేవాడనే అభిప్రాయం పాతుకుపోయింది. ఆ కిటికీ ముందు క్యూ చూసిన తర్వాత ఆయన్ని మాత్రం ఏమనగలం?

పోస్టులు వచ్చేదాకా చెయ్యగలిగినవి లేకపోలేదు. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 2011 నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కేంద్రం. మందు వికటించిందని అనుమానం వస్తే డాక్టరే కాదు, సిస్టరు, ఫార్మసీ విద్యార్థి, చివరికి రోగి కూడా 1800-180-3024 నెంబరుకి వుచితంగా ఫోను చేసి చెప్పవచ్చు. మనవాళ్ళు చెప్పరు. చెబితే ఎవరి మీదకో నేరం వస్తుందని భయం. ఆ ఫారంలో ఎవరి తప్పని అడిగే గడి లేదు, ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు, ఏం జరిగింది అనే అడుగుతారు.

ఇంకొకటి మన విద్యార్థులు వార్డుకి వెళ్ళిన మొదటి రోజునే చెయ్యవచ్చు. కేస్ షీటు తెరవక ముందు మంచం కింద వుండే ప్లాస్టిక్ సంచీ తెరిపించాలి. "ఇంటి దగ్గర ఏ మాత్రలు వాడేవారమ్మా, ఓసారి చూపించండి" అంటే చాలు. ఒక ఆసుపత్రిలో నేను చూసిన సంచీలో ఒకే ఆమ్లోడిపిన్ మూడు కంపెనీల పేర్లతో మూడు అట్టలు వున్నాయి. ఒకటి ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చింది, ఒకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోది, ఇంకోటి టౌన్లో డాక్టరు రాసింది. ముగ్గురూ ఇచ్చారు కనుక ఆయన మూడూ శ్రద్ధగా వేసుకున్నాడు. కాళ్ళవాపుతో వస్తే గుండె నీరసమని చేర్చుకున్నారు. ఆ వాపు ఆమ్లోడిపిన్ వల్ల వచ్చింది. మూడు అట్టల మీదా పేరు వేరు, లోపల మాత్ర ఒకటే అని సంచీ చూసినవాళ్ళకి గాని తెలియదు.

అదే సంచీని డిశ్చార్జి రోజున మరోసారి విప్పాలి. ఏది వుంచాలో, ఏది పారెయ్యాలో రోగి ఎదటే వేరుచెయ్యాలి. ముత్యాలమ్మపాలెం నుంచి వచ్చిన కవాటం ఆపరేషన్ మనిషికి నెలకోసారి ఐ.ఎన్.ఆర్. చేయించుకోమని రాసేటప్పుడు, అది గాజువాకలో చేస్తారా అనకాపల్లిలో చేస్తారా, ఎంతవుతుంది, ఆ రోజు వేట పోతుందా, ఫలితం వచ్చాక మోతాదు మార్చమని చెప్పేదెవరు అన్నవి కూడా అదే చీటీ వెనక రాసిపెట్టాలి. వార్ఫరిన్ మాత్రల రంగులూ బలాలూ వేరు వేరు. ఐదు మిల్లీగ్రాములదీ, రెండుదీ కలిపి వాడమన్నప్పుడు ఏ రంగు ఏ రోజో తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఇంట్లో చదివే పిల్ల ఎవరో కనుక్కుని ఆ పిల్ల చేతికివ్వాలి.